‘బ్లేడ్ రన్నర్’ డిస్కులు: ఒక పోలిక

ఆరుగురిలో ఒకరు చనిపోగా మిగిలినవారెందరు? ఐదుగురని ఏ బాలుడైనను చెప్పును. కాని 1982లో విడుదలయిన ‘బ్లేడ్ రన్నర్’ అను ఆంగ్ల చిత్రములో పోలీసు అధికారి నలుగురని చెప్పును. మనుష్యులను అచ్చముగా పోలిన ఆరుగురు కృత్రిమ జీవులు అంతరిక్షమునుండి తప్పించుకొని భూమికి వచ్చినారు. ఒకరు విద్యుత్తుకు బలియైనారు. మిగిలిన నలుగురిని వెదకి చంపవలెనని కథానాయకునికి ఆజ్ఞ. ఆ లెక్కకు రాని ఐదవ జీవి ఎవరని ప్రేక్షకులు పాతికేండ్లు వాదులాడుకొనినారు. 2007లో వెలువడిన డిస్కులో అదే అధికారి ఇద్దరు చనిపోయినారని చెప్పును. లెక్క సరిపోయినది, వాదము ఆగినది. తప్పు దిద్దుట మంచిదే. అయితే తప్పున్న ప్రతి ఎక్కడ దొరకును? ఈ చిత్రపు డిస్కులను పోల్చునపుడు నేను ముఖ్యముగా చూచినది ఇదియే.

ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రకటించిన నవల ఆధారముగా రిడ్లీ స్కాట్ దీనిని తీసినాడు. కథాకాలము 2019, స్థలము లాస్ ఏంజెలిస్ నగరము. ఎడతెగని వాన, పొగ, చీకటి. మన ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరపు దృశ్యములను చూచి భయపడినవారికి ఇట్టి భవిష్యత్తు కొత్త కాదు. ఇందులో భేదమేమనగా, చిత్రమంతయు ఆ చీకటిలోనే నడచును. డిస్కుకు అసలు పరీక్ష అక్కడనే.

బాన్సువాడలో నేను దీనిని మొదట చూచినది హైదరాబాదునుండి మిత్రుడొకడు తెచ్చిన వీసీడీలో. 117 నిమిషముల చిత్రము కనుక రెండు డిస్కులు. వాన కురియు చోటనెల్ల తెరమీద చదరపు గడులు కనిపించినవి. డిస్కు చెడినదనుకొన్నాను, తరువాత కారణము తెలిసినది. వీసీడీ ప్రతి బొమ్మను పూర్తిగా దాచదు. ముందరి బొమ్మకును తరువాతి బొమ్మకును గల మార్పునే ఎక్కువగా దాచును. గోడ మారదు, బల్ల మారదు. వాన మాత్రము ప్రతి బొమ్మలోను మారును. పొగయు అంతే. మార్పు హెచ్చినపుడు సమాచారము హెచ్చుగా కావలెను. వీసీడీ ఇచ్చునది సెకనుకు 1,150 కిలోబిట్లు, అంతకు మించి ఈయదు. నిజాంసాగర్ కాలువ తూమును ఒకే ఎత్తున బిగించి, వరిమడికిని జొన్నచేనుకును ఒకే పారుదల ఇచ్చినట్లుండును. డీవీడీలో ఆ తూమును అవసరమును బట్టి ఎత్తవచ్చును, దించవచ్చును, సెకనుకు 9.8 మెగాబిట్ల వరకు పారును. పైగా వెడల్పైన ఈ చిత్రమును పాత టీవీ చట్రములో ఇమిడ్చినపుడు వీసీడీయొక్క 288 గీతలలో సుమారు 160 మాత్రమే బొమ్మకు మిగులును. తక్కినవి నల్లని పట్టీలు.

1987నాటి క్రైటీరియన్ లేసర్ డిస్కు పన్నెండంగుళముల పెద్ద పళ్లెము. ఇందులోనిది అమెరికా థియేటర్లలోకంటె కొంత హింస ఎక్కువగా గల అంతర్జాతీయ ప్రతి. 1992లో దర్శకుని ప్రతి యని మరియొకటి వచ్చినది. దానిలో నాయకుని వ్యాఖ్యానము తీసివేసినారు, సుఖాంతము తీసివేసినారు, ఒంటికొమ్ము గుఱ్ఱము కల చేర్చినారు. ఈ మార్పులన్నియు చిత్రమునకు మేలే చేసినవని నా అభిప్రాయము. ఆ వ్యాఖ్యానము కంటికి కనిపించుచున్న దానినే చెవికి మరల చెప్పును. 1997లో ఈ ప్రతియే తొలి డీవీడీలలో ఒకటిగా వెలువడినది. అందులో టీవీ తెర నిండునట్లు కోసిన రూపమును కూడ ఇచ్చినారు. బొమ్మ వెడల్పులో నూటికి నలుబది పాళ్లకు పైగా పోయినది! ఆ డిస్కును గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

2007 డిసెంబరులో వచ్చిన ఐదు డిస్కుల పెట్టె వేరు సంగతి. మూల నెగెటివును 4కె ప్రమాణములోను, 65 మిల్లీమీటర్ల ఫిలిముమీద తీసిన ట్రిక్ దృశ్యములను 8కె లోను స్కాన్ చేసి ‘ఫైనల్ కట్’ తయారు చేసినారు. ఎగురు కార్లను వ్రేలాడదీసిన తీగెలు మాయమైనవి. అద్దములు పగులగొట్టుకొని పారిపోవు స్త్రీ పాత్రలో నటికి బదులు వేరొకరు దూకినట్లు స్పష్టముగా తెలియుచుండెడిది. ఆ ముఖముపై నటి ముఖమును అతికినారు. బ్లూ-రేలో బొమ్మకు 20 లక్షలకు పైగా చుక్కలు, అనగా వీసీడీకి ఇరువదింతలు. చదువు లేసరు తరంగదైర్ఘ్యమును 780 నానోమీటర్లనుండి 405కు తగ్గించుటచే డిస్కుపై గుంటలను చిన్నవిగా, దగ్గరగా వ్రాయుట సాధ్యమైనది. చీకటిలో వాన చినుకు చినుకుగా కనిపించును. రంగులు మాత్రము నీలి ఆకుపచ్చకు మరీ మొగ్గినవి. ఇది నాకు నచ్చలేదు. 2017లో వచ్చిన 4కె డిస్కులో వెలుగునీడల భేదము ఇంకను చక్కగా ఉన్నది.

అయినను ఒకటే కొనవలసినచో నేను 2007 పెట్టెనే కొందును. అందులో విడుదలకు ముందు ప్రేక్షకులకు చూపిన పని ప్రతి, 1982నాటి రెండు ప్రతులు, 1992 ప్రతి, దిద్దిన ప్రతి, ఐదును ఉన్నవి. నలుగురన్న తప్పు లెక్క కూడ భద్రముగా ఉన్నది. దిద్దినది మాత్రమే మిగిలిన యెడల ఏమి దిద్దినారో విద్యార్థికి తెలియు మార్గమేది? ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్‌లో 4కె రూపమున మరల థియేటర్లకు వచ్చినది. పాత ప్రతియు కొత్త ప్రతియు ఒకే పెట్టెలో ఇచ్చువారున్న యెడల దానిని కూడ కొందును.

ఉపాధ్యాయులకొక మాట. చిత్రమంతయు పిల్లలకు చూపదగినది కాదు, హింస ఉన్నది. చివర పావురము ఎగురు దృశ్యమొక్కటి చాలును. 1982 ప్రతిలో రాత్రి జడివాననుండి పావురము పగటి నీలాకాశములోనికి ఎగురును. 2007లో చీకటి ఆకాశములోనికే ఎగురును. రెంటిని వెంటవెంటనే చూపి, ఏది ముందు తీసినదో పిల్లలనే చెప్పుమనుడు.