అతుకు కనిపించని పని: ఊరి వడ్రంగం

ఊరి వడ్రంగి పని మూడు పాయలుగా నడుస్తుంది. ఇళ్ళలో పాడైన తలుపులు, దూలాలు, వాసాలు బాగుచేయడం ఒకటి. కొట్టంలో బండి, నాగలి, మంచం, ఉయ్యాలబల్ల కొత్తగా చేయడం రెండోది. అరిగిన పనిముట్లనూ తాతలనాటి సామాన్లనూ మళ్ళీ వాడకంలోకి తేవడం మూడోది. ఈ మూడింటినీ ఒకే మనిషి, ఒకే సంచిలోని ఉలులతో, ఏడాది పొడవునా ఒకదాని సందులో ఒకటి ఇరికించుకుంటూ నెగ్గుకొస్తాడు. పట్నంలో ఇన్ని పనులకు నలుగురు వేర్వేరు మనుషుల్ని పిలవాలి, పిలిచినా ఒకరు చేసింది ఇంకొకరికి పొసగదు.

ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పేది వ్యవసాయమే. మార్చి నుంచి మే దాకా ఇళ్ళ మీద పని: పెంకులు దించడం, చెదపట్టిన వాసాలు మార్చడం, వానలకు ముందే కప్పు మూసేయడం. ఏరువాక దగ్గరపడగానే నాగళ్ళు, గొర్రులు, కాడిమానులు కొట్టం ముందు బారులు తీరేవి. ఆ వారాల్లో ఎంతటివాడి ఇంటి తలుపైనా ఆగాల్సిందే. కోతల ముందు బండ్లు. ధాన్యం ఇల్లు చేరాక, చేతికి తీరిక దొరికిన రోజుల్లో కొత్త పని. అప్పుడే పెళ్ళిమంచం, బీరువా, గుడికి ఉత్సవ పల్లకీ. మధ్యాహ్నం ఎండ మండేవేళ కొట్టం నీడలో కూర్చుని రంపాలకు పదును పెట్టుకోవడం అన్ని కాలాల్లోనూ ఉంటుంది. నెల మొత్తం పని తలలోనే పరుచుకుని, ఆరాల్సిన కర్రను ముందే కోసి పక్కన పెట్టుకునే ఈ లెక్క ఏ కాగితం మీదా ఉండదు.

ఈ వృత్తి చరిత్ర చాలా వెనక్కి పోతుంది. వేదకాలపు రథకారుల దగ్గర మొదలుపెట్టి చెప్పేవాళ్ళున్నారు. విశ్వకర్మ సంతతిగా, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అనుయాయులుగా ఈ వృత్తివారు తమను చెప్పుకుంటారు. ఊరి పనులు చేసే పన్నిద్దరు ఆయగాళ్ళలో వడ్రంగి, కమ్మరి ఇద్దరూ ఉండేవారు. ఏడాదంతా చేసిన మరమ్మతుకు కళ్ళంలో ధాన్యం మేరగా ముట్టేది. ఈ మేర పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. మరమ్మతుకు విడిగా కూలి లేదు కాబట్టి, ఎక్కువసార్లు పాడయ్యే సరుకు చేస్తే నష్టం చేసినవాడికే. అందుకే ఆ నాగలి, ఆ బండి అంత కాలం నిలిచాయి.

కర్రల సంగతి క్లుప్తంగా. తలుపులకు, ద్వారబంధాలకు టేకు, వేప. చెద జోలికి రాదని వేపకు పేరు. నాగలికి, బండి చక్రానికి నల్లతుమ్మ. కప్పుకు నల్లమద్ది, కోస్తాలో చేవదేరిన తాటి దూలం. ఇరుసుకు చిరుమాను. గోదావరి మండువా లోగిళ్ళలో ఓడల మీద వచ్చిన రంగూన్ టేకు స్తంభాలు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. తాటిని పక్కనపెడితే, ఏ చెట్టైనా పనికొచ్చేది నడుమనున్న చేవే. బయటి తెల్లకర్రను మంచి వడ్రంగి నిర్దాక్షిణ్యంగా చెక్కిపారేస్తాడు.

పనిముట్లు లెక్కకు కొన్నే: బాడిస, ఉలులు, రంపం, చిత్రిక, బరమా, మూలమట్టం, కొయ్యసుత్తి. ఇల్లు, కర్ర, చేతిపనులకు సంబంధించిన పల్లె మాటలతో బూదరాజు రాధాకృష్ణ ఒక వాస్తు పదకోశమే కూర్చారంటే ఈ కొద్ది వస్తువుల చుట్టూ ఎంత జ్ఞానం పేరుకుందో ఊహించవచ్చు. బాడిస పట్టడం చూసి పనివాణ్ణి చెప్పవచ్చు. కాలి బొటనవేలితో కర్రను అదిమిపట్టి, వేలికి అంగుళం దూరంలో వేటు వేస్తూ, గీసిన గీత దాకా చెక్కి గీతను మాత్రం మిగల్చగలిగినవాడే ఆ పనిముట్టుకు యజమాని. చిత్రిక పట్టాక రాలే పొట్టు కాగితంలా పలచగా, తెగకుండా సుళ్ళు తిరగాలి. తునకలుగా రాలుతోందంటే ఇనుము మొద్దుబారిందనో, కర్ర పీచుకు ఎదురు నడుస్తోందనో అర్థం.

ఈ పనిముట్లను కాపాడుకోవడమే సగం విద్య. రంపం పళ్ళను ఆకురాయితో ఒక్కొక్కటే రాసి, ఒకటి విడిచి ఒకటి చెరో పక్కకు వెంట్రుకవాసి వంచుతారు. ఆ వంపు వల్లే కోత రంపం మందం కన్నా కాస్త వెడల్పై, రంపం బిగుసుకోకుండా నడుస్తుంది. చిత్రిక అడుగు అరిగి గుంటపడితే దాన్ని బండరాయి మీద చదును చేస్తారు. మరీ అరిగితే అడుగుకు కొత్త చెక్క అతికి, పాత ఇనుమునే అందులో కూర్చుతారు. ఉలి పొట్టిపడితే కమ్మరి కొలిమికి పోతుంది. దాన్ని ఎర్రగా కాల్చి దాగలి మీద సాగగొట్టి, నీళ్ళలో ముంచి గట్టిపరుస్తారు. అంతటితో వదిలేస్తే మొన పెళుసై విరిగిపోతుంది. మళ్ళీ సన్నని సెగ చూపి, రుద్ది మెరుగు తెచ్చిన ఇనుము మీద ఎండుగడ్డి రంగు పాకగానే చల్లార్చాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఊదారంగు దాటి నీలం వచ్చేస్తుంది, పదును నిలవదు. డమాస్కస్ కత్తుల ఉక్కు నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం నుంచి వెళ్ళేదని చెబుతారు. ఆ నేల మీద పుట్టిన కమ్మరి కంటికి ఈ రంగులు తెలియడంలో వింత లేదు.

ఇక అసలు విద్య, అతుకు. వడ్రంగం మొత్తం ఒక కర్రను ఇంకో కర్రలో నిలబెట్టడం మీదే ఆధారపడింది. ఒక కర్ర చివర నాలుకలా తీరుస్తారు, రెండోదానిలో దానికి సరిపడే బెజ్జం తొలుస్తారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. గొప్పతనమంతా చీల దగ్గర ఉంది. బెజ్జం ఉన్న కర్రకు ముందుగా అడ్డంగా రంధ్రం వేస్తారు. నాలుకను దూర్చి ఆ రంధ్రం జాడ గుర్తుపెట్టి బయటికి తీస్తారు. నాలుకకు రంధ్రం వేసేటప్పుడు సరిగ్గా గుర్తు మీద వేయరు, మొదలు వైపుకు అర నూలు జరిపి వేస్తారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అందులో సగం. ఇప్పుడు వెదురు చీలనో తుమ్మ చీలనో సుత్తితో దిగగొడితే, రంధ్రాలు ఒక వరుసకు రావడం కోసం నాలుక లోపలికి లాక్కుపోతుంది. సందు పూర్తిగా మూసుకుంటుంది. జిగురు అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. వందేళ్ళ తర్వాత ఆ తలుపు బాగుచేయాల్సివస్తే చీలను వెనకనుంచి తట్టి బయటికి తీసి, తలుపును విడగొట్టి, చెడిన చెక్కను మాత్రమే మార్చి మళ్ళీ బిగించవచ్చు. మళ్ళీ విప్పగలిగేలా బిగించడం తెలిసినవాడే వడ్రంగి. మేకులు కొట్టి వదిలేసేవాణ్ణి ఆ పేరుతో పిలవడం న్యాయం కాదు.

ఇంటి మరమ్మతులో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తలుపు జారి గడపకు రాసుకుంటోందని పిలిస్తే, చేతకానివాడు వచ్చీరాగానే తలుపు అడుగు చిత్రిక పడతాడు. వానాకాలం పోయి కర్ర ఆరగానే కింద బొటనవేలు పట్టేంత సందు మిగులుతుంది. పనిమంతుడు ముందు తలుపును చేత్తో ఎత్తి చూస్తాడు. పైకీలు వదులైందా, చట్రంలో నాలుక కదులుతోందా, ద్వారబంధమే ఒరిగిందా, కర్ర తేమకు ఉబ్బిందా తేల్చుకుంటాడు. తేమే కారణమైతే ఎండలు వచ్చేదాకా ఆగమని చెప్పి, కూలి తీసుకోకుండా వెళ్ళిపోతాడు. ద్వారబంధం నిలువుకమ్మి అడుగున చెదపట్టి డొల్లయితే గోడ పగలగొట్టనివ్వడు. చెడిన భాగం పైన గట్టికర్ర తగిలేదాకా కోసి, కోతను ఏటవాలుగా, మందానికి మూడు నాలుగు రెట్లు పొడవుండేలా తీరుస్తాడు. అదే వాలులో కొత్త ముక్కను చెక్కి, పాత కర్ర పీచు నడిచిన దిక్కుకే కొత్తదాని పీచునూ కలిపి, రెండు చీలలతో బిగిస్తాడు. చిత్రిక పట్టి చమురు పూశాక వేలితో తడిమినా అతుకు అందదు. కప్పు మీది పెంకులు కదపకుండా, ఊతకర్రలతో దూలం బరువు మోయించి, చెడిన దూలాన్ని లాగి కొత్తది ఎక్కించే పనివాళ్ళు తెలంగాణలోనూ కోస్తాలోనూ నిన్నమొన్నటి దాకా ఊరికొకరున్నారు.

కొట్టం పనుల్లో కిరీటం బండిచక్రం. నడుమ కుంభం, దానిలోంచి ఆకులు, ఆకుల చివర్లను కలుపుతూ పూటీలు, వాటి మీద ఇనుపకట్టు. సాధారణంగా పన్నెండు ఆకులు, ఆరు పూటీలు. పూటీకి రెండేసి ఆకులు. పూటీల మధ్య కావాలనే సన్నని సందు వదులుతారు. కట్టును చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా చిన్నదిగా కమ్మరి అతుకుతాడు. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత పదహారు అడుగులకు కాస్త తక్కువ. పిడకలు, కట్టెలు గుండ్రంగా పేర్చి కట్టును కాలుస్తారు. ఎర్రబడేసరికి అది అంగుళానికి పైగా సాగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి, నేల మీద పరిచిన చక్రం మీదికి దించుతారు. సమ్మెటలతో నాలుగు వైపులా కొట్టి కూర్చోబెడతారు. కర్ర భగ్గుమని అంటుకునేలోగా బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారు. ఆవిరి మధ్యన చక్రం లోపలినుంచి పటపటమని చప్పుళ్ళు వస్తాయి. చల్లబడి కుదించుకునే ఇనుము పూటీల సందులను మూసి, ఆకులను కుంభంలోకి అదుముతోందన్నమాట. కట్టు మరీ చిన్నదైతే ఆకులు వంగిపోతాయి, పెద్దదైతే మొదటి వేసవికే ఊడిపడుతుంది. ఆ మధ్యనున్న కొలతను తాడుతోనూ కంటితోనూ పట్టుకున్న జంట, ఒక వడ్రంగి ఒక కమ్మరి, ఇంజనీరింగు కళాశాలలో పాఠం చెప్పదగ్గవాళ్ళు. వేసవిలో పాత చక్రం ఎండి ఆకులు కదిలితే చెరువులో నానబెడతారు. అప్పటికీ కుదరకపోతే కట్టు విప్పి, కోసి, కురచచేసి మళ్ళీ ఎక్కిస్తారు. కుంభం ఒక్కటి గట్టిగా ఉంటే మిగిలినదంతా భాగం తర్వాత భాగం మార్చుకుంటూ చక్రాన్ని తరాల తరబడి నడపవచ్చు.

ఈ చేతులు ఎంతదూరం వెళ్ళగలవో చూపే ఉదాహరణలు తెలుగునేల మీద తక్కువేమీ లేవు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు పనసమొద్దు ఒక్కదాన్నే తొలిచి ఏకాండి వీణ తీస్తారు. కుండ, దండి వేరుగా చేసి అతకడం ఎవరైనా నేర్చుకోవచ్చు, కర్రలో దాగిన పగులును ముందే పసిగట్టి ఒకే మొద్దులోంచి రెంటినీ తీయడం అందరికీ రాదు. ఏటికొప్పాకలో అంకుడుకర్ర మీద లక్కపనిని సహజరంగులతో నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, ఇంకా ముందే రావలసింది. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం మంటల్లో కాలిపోతే, 2021 ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్త కొయ్య రథం సిద్ధమైంది. అంతటి రథాన్ని ఆ కొద్ది నెలల్లో నిలబెట్టగల చేతులు ఇంకా ఉన్నాయని దేశమంతా చూసింది.

ఉన్నాయి, కానీ వాటికి పనేదీ? ట్రాక్టరు వచ్చి నాగలిని, రబ్బరు టైరు వచ్చి కట్టుచక్రాన్ని తీసుకుపోయాయి. దానికి ఎవరినీ తప్పుపట్టలేం, ఎద్దుల మెడకు కూడా సుఖమే. సహించలేనిది వేరే ఉంది. రంపపుపొట్టును జిగురుతో ఒత్తి, పైన టేకు బొమ్మ ముద్రించిన కాగితం అతికి, దాన్ని తలుపని అమ్ముతున్నారు. స్నానాలగది పక్కన పెడితే రెండు వానాకాలాలకు అడుగు ఉబ్బి పొరలు విచ్చుతుంది. మర ఒకసారి ఊడితే రెండోసారి పట్టదు. దాన్ని బాగుచేయడానికి ఏ మహానుభావుడి దగ్గరా ఉపాయం లేదు, ఎందుకంటే అందులో అతుకు పట్టే కర్రే లేదు. కొన్ననాడే దాని చోటు చెత్తకుప్ప. ఇంకోపక్క మండువా ఇళ్ళు పడగొట్టి, బెత్తెడు మందమున్న చేవటేకు ద్వారబంధాలను పాతసామాన్ల కొట్టుకు అడ్డికి పావుసేరుగా అమ్మేసి, ఆ డబ్బుతో ఈ అట్టతలుపులు కొంటున్నారు. ఇంతకన్నా నష్టబేరం ఇంకొకటి ఉండదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వడ్రంగులు గల్ఫ్‌లో సిమెంటు పోతకు పలకలు బిగిస్తున్నారు. మిగిలినవాళ్ళు పట్నంలో అట్టముక్కలకు అంచుపట్టీలు అతికిస్తున్నారు. అర నూలు తేడాతో చీల దించగల చేతికి అది పని కాదు, శిక్ష.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, వడ్రంగి, కమ్మరి రెండూ వాటిలో చేరాయి. పనిముట్లకు 15 వేల రూపాయలు, తక్కువ వడ్డీకి విడతలుగా 3 లక్షల దాకా అప్పు. మంచిదే. అయితే పనిముట్లిచ్చినంతలో పని పుట్టదు. పాత బడులు, సత్రాలు, దేవాలయాల కొయ్యపని మరమ్మతులను అతి తక్కువ ధర పాడిన గుత్తేదారుకు కట్టబెట్టకుండా, పనివాడి చేతిపని చూసి అప్పగించాలి. ఐటీఐల వడ్రంగి శిక్షణలో పాత తలుపును విడదీసి మళ్ళీ బిగించడం ఒక పరీక్షగా పెట్టాలి, ఆ పరీక్ష పెట్టడానికి ఊళ్ళోని పెద్ద ఆచారులను పిలవాలి. ఇక ఇంటివాళ్ళు చేయగలిగింది ఇప్పుడే ఉంది. ఇల్లు పడగొట్టేముందు కర్రసామానంతా ఒక మంచి వడ్రంగికి చూపించి, ఏది ఎక్కడ మళ్ళీ వాడవచ్చో అడగాలి. కొత్త తలుపు చేయించేటప్పుడు మూలల్లో చీలలు వేయమని, చీలల తలలు రంగుతో మూసేయవద్దని చెప్పాలి. ముందుముందు ఆ తలుపు విప్పాల్సిన వాడికి అవి కనబడాలి.