కదిలే ప్రేక్షకుడు, ఆగని వరుస: డిస్నీ థీమ్‌పార్కు రైడ్లలో కథన నిర్మాణం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
థీమ్‌పార్కు రైడ్‌ను ఒక కథనరూపంగా పరిశీలించే విమర్శ సాధారణంగా రూపకర్తల ఊహను, దృశ్యాలంకరణను, సాంకేతిక విశేషాలను కొలమానంగా తీసుకుంటుంది. గంటకు ఎంతమందిని ఎక్కించి దింపగలరన్న లెక్కను నిర్వాహకుల వ్యవహారంగా వదిలేస్తుంది. ఆ లెక్క కథకు వెలుపలిది కాదనీ, పద్యానికి ఛందస్సు ఎటువంటిదో రైడ్ కథకు అది అటువంటిదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడాలలోని డిస్నీ పార్కులలో 1967–2019 మధ్య ప్రారంభమైన నాలుగు రైడ్లు ఈ పరిశీలనకు ఆధారం.

కీలకపదాలు: థీమ్‌పార్కు, కథనం, అసమాపక క్రియ, పూర్వరంగం, యంత్రప్రతిమ, నిర్వహణ, వరుస.

1. ప్రవేశిక

నాటకశాలలో ప్రేక్షకుడు కూర్చుంటాడు, కథ కదులుతుంది. థీమ్‌పార్కు రైడ్‌లో కథ ఉన్నచోటనే ఉంటుంది, ప్రేక్షకుడు కదులుతాడు. ఈ తలకిందుల అమరిక వల్ల రంగస్థలానికి లేని చిక్కు ఒకటి పుట్టింది. నాటకం రాత్రికి ఒకసారి ఆడుతుంది. ఎందరు వచ్చినా అందరికీ ఒకే ఆట. రైడ్ మాత్రం ప్రతి అరనిమిషానికి ఒకసారి కొత్త ప్రేక్షకులకు మొదలవుతుంది. ముందువారి కథ ఇంకా ముగియకుండానే వెనుకవారి కథ ఆరంభమవుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఇరవైమంది పట్టే పడవ 30 సెకన్లకొకటి బయలుదేరితే గంటకు 2400 మంది ఆ కథ చూస్తారు. ఎక్కడంలోనో దిగడంలోనో ప్రతిసారీ మరో 15 సెకన్లు ఆలస్యమైతే ఆ సంఖ్య 1600కు పడిపోతుంది. పది గంటల దినంలో 8000 మందికి కథ దక్కదు. నిర్వాహకుడికి ఇది ఆదాయానికి, జనసమ్మర్దానికి సంబంధించిన విషయం. విమర్శకుడికి ఇది పాఠం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న విషయం కావాలి. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ ప్రారంభమైన నాటినుంచి ఈ రెండు దృష్టులూ ఒకే ప్రాంగణంలో పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని విడదీసి చూడటం విమర్శకు అలవాటైంది. ఆ విభజన నిలవదని కింది రైడ్లు చెబుతాయి.

ఒక్క మాట ముందుగా చెప్పాలి. రైడ్‌ను దాని ఉత్తమ దినాన్ని బట్టి కాక సాధారణ దినాన్ని బట్టి అంచనా కట్టాలన్నది ఈ వ్యాసం అనుసరించే నియమం. ప్రారంభోత్సవ దినాన అన్నీ పనిచేస్తాయి. జీవితంలో ఒక్కసారి, ఎంతో ఖర్చుపెట్టుకుని దూరదేశం నుంచి వచ్చిన కుటుంబానికి దక్కేది మాత్రం ఏదో ఒక మామూలు మంగళవారం.

2. అసమాపక క్రియల కథ

పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ 1967 మార్చి 18న డిస్నీలాండ్‌లో ప్రారంభమైంది. వాల్ట్ డిస్నీ మరణించి అప్పటికి మూడు నెలలు. తొలి ఆలోచనలో ఇది నడిచి చూసే మైనపు బొమ్మల ప్రదర్శనశాల. 1964–65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ కోసం రూపొందించిన నీటికాలువ, పడవల పద్ధతి పెద్దసంఖ్యలో జనాన్ని సాఫీగా తరలించగలదని తేలాక ప్రణాళిక మారింది. నడిచే మనిషి తనకు నచ్చినచోట ఆగుతాడు. ఒకడు ఆగితే వెనుకవారంతా ఆగవలసిందే. పడవ ఎవరికోసమూ ఆగదు.

ఇది కేవలం వాహనం మార్పు కాదు. పడవతో పాటు కథనవ్యాకరణమూ మారిపోయింది. ఏ పడవ ఏ క్షణంలో దృశ్యం ముందుకు వస్తుందో ముందుగా తెలియదు. బొమ్మల కదలిక ఒక ఆవృత్తం. ప్రేక్షకుడు ఆ ఆవృత్తంలో ఎక్కడైనా ప్రవేశించవచ్చు. అటువంటప్పుడు ‘రాజు చంపాడు, రాణి ఏడ్చింది’ వంటి కార్యకారణ క్రమం దృశ్యంలో నిలవదు. సమాపక క్రియకు అక్కడ చోటులేదు. ఈ రైడ్‌లో ప్రసిద్ధమైన చెరసాల దృశ్యాన్నే తీసుకుందాం. తాళంచెవులు నోట కరచుకున్న కుక్కను కటకటాల వెనుక ఖైదీలు బుజ్జగించి పిలుస్తుంటారు. కుక్క రాదు. అర్ధశతాబ్దం దాటినా రాలేదు. వస్తే దృశ్యం ముగిసిపోతుంది, వెనుక పడవలో వస్తున్నవారికి ఏమీ మిగలదు. పిలుస్తూ, తరుముతూ, తాగుతూ, తగలబడుతూ అన్న అసమాపక క్రియలతోనే రైడ్ అంతా నడుస్తుంది. వాక్యాన్ని ముగించే క్రియ పడవ దిగే మెట్టు దగ్గర మాత్రమే వస్తుంది.

ఈ రైడ్‌కు ఇతివృత్తమే లేదన్న ఆక్షేపణ కొత్తది కాదు. ఇతివృత్తం లేకపోవడం ఇక్కడ లోపం కాదనీ, పడవల వేగానికి తగినట్టు రచయిత ఎంచుకున్న రూపమనీ నా అభిప్రాయం. సంభాషణలు రాసిన జేవియర్ అటెన్షియో తరువాతి కాలంలో చెప్పిన ఒక వృత్తాంతం దీనికి బలమిస్తుంది. పాత్రల మాటలు ఒకదానిపై ఒకటి పడి స్పష్టంగా వినిపించడం లేదని ఆయన బెంగపడితే, విందులో నాలుగువైపుల నుంచీ తునకలుగా మాటలు చెవిన పడినట్టే ఇదీ ఉంటుందనీ, మిగిలింది వినడానికి జనం మళ్లీ వస్తారనీ వాల్ట్ డిస్నీ సమాధానపడ్డారట. అస్పష్టతను సరిదిద్దడానికి పడవను నిలపలేదు. పడవ నిలవదు కాబట్టి అస్పష్టతనే శైలిగా స్వీకరించారు.

ఆరంభంలో పడవ చీకట్లో రెండుసార్లు కిందికి జారుతుంది. పార్కు చుట్టూ మట్టిగట్టు, దానిమీద రైలుమార్గం ఉన్నాయి. ప్రధాన దృశ్యాలున్న భవనం ఆ గట్టుకు అవతల ఉంది. గట్టు కిందుగా దాటడానికే ఆ జారుడు. కథలో మాత్రం అదే వర్తమానం నుంచి గతంలోకి, బతికినవారి లోకం నుంచి అస్థిపంజరాల లోకంలోకి పతనం. ఇంజనీరు అవసరం కథకు ద్వారమైంది.

3. సాగే గది, ఆగే బగ్గీ

హాంటెడ్ మాన్షన్ (1969 ఆగస్టు 9) ఇదే సూత్రాన్ని మరింత దూరం తీసుకుపోయింది. భవనం వెలుపలి రూపం 1963కే సిద్ధమైనా లోపల ఏముండాలో తేలడానికి మరో ఆరేళ్లు పట్టింది. ప్రపంచ ప్రదర్శన పనులు ఒక కారణమైతే, నడిచి చూడాలా, కూర్చుని చూడాలా అన్న సందేహం మరొకటి. భయపెట్టాలా, నవ్వించాలా అన్న వాదం వీటికి తోడైంది. చివరికి ‘ఆమ్నిమూవర్’ అనే పద్ధతి నిలిచింది. ఎక్కడా తెగని గొలుసులా సాగే బండ్ల శ్రేణి అది. ప్రతి బండినీ కావలసిన దిక్కుకు తిప్పవచ్చు. అంటే చిత్రదర్శకుడు కెమెరాను తిప్పినట్టు ప్రేక్షకుడి చూపును యంత్రమే తిప్పుతుంది. జనాన్ని వేగంగా తరలించే సాధనమే చూపును నియంత్రించే సాధనం కూడా అయింది. నిర్వహణకూ కథనానికీ ఇంతకన్న దగ్గర సంబంధం మరొక రైడ్‌లో అరుదు.

ప్రవేశంలోని ‘సాగే గది’ ఇంకా ఆసక్తికరం. గోడలు పైకి సాగుతున్నట్టు, చిత్రపటాల దిగువభాగాలు ఒక్కొక్కటే బయటపడుతున్నట్టు కనిపించే ఆ గది అనహైమ్‌లో నిజానికి ఒక లిఫ్టు. ఇక్కడా అసలు భవనం గట్టుకు అవతలే ఉంది. అతిథులను నేల కిందికి దింపాలి. దింపుతున్న సంగతి దాచడానికి పుట్టిన మాయ అది. 1971లో ఫ్లోరిడాలో ఇదే భవనాన్ని మళ్లీ కట్టినప్పుడు నేల కిందికి దిగవలసిన అవసరం లేకపోయింది. అయినా గదిని తీసివేయలేదు. అక్కడ నేల కదలదు, పైకప్పే పైకి లేస్తుంది. అవసరం పోయినా అది కన్న కథ మిగిలింది.

తెలుగు నాటకరంగంతో పరిచయమున్నవారికి ఇది వింతగా తోచదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైన సురభి నాటకసమాజాల ప్రదర్శనలలో తెరల మార్పు, యంత్రచమత్కారాలు ప్రధానాకర్షణ. వెనుక దర్బారు అమర్చుతున్నంతసేపు ముందు తెర దించి, దాని ముందు హాస్యఘట్టం నడపడం మన పాత నాటకరంగం ఎరిగిన ఉపాయమే. అలంకరణకు కావలసిన వ్యవధి హాస్యరసానికి ఆస్కారమిచ్చింది. ఆ హాస్యాన్ని ‘వ్యవధి నింపడం’ అని కొట్టిపారేసిన విమర్శకులకు నాటకం సగమే కనిపించింది.

మాన్షన్‌లో మరొక చిన్న అంశం. నడవలేని అతిథి ఎక్కడానికి కొంత సమయం కావలసినప్పుడు బండ్ల శ్రేణి మొత్తం ఆగిపోతుంది. అప్పుడు చీకట్లో కథకుడి గొంతు, అల్లరి దయ్యాలు ప్రయాణానికి అడ్డుపడ్డాయని ప్రకటిస్తుంది. సాంకేతిక అంతరాయం కథలో ఒక సంఘటనగా మారిపోతుంది. ఎక్కడానికి సమయం తీసుకున్న మనిషి మీద ఎవరి విసుగూ పడదు. మర్యాదా కథనమూ ఒక్క వాక్యంలో కలిసిన చోటు ఇది.

4. అధికారి వేషంలో ఆపరేటర్

స్టార్ వార్స్: రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ 2019 డిసెంబరులో ఫ్లోరిడాలోనూ, 2020 జనవరిలో కాలిఫోర్నియాలోనూ ప్రారంభమైంది. ప్రేక్షకులు ఒక నౌక ఎక్కుతారు, శత్రువులకు బందీలవుతారు, విచారణ గదిలోకి నెట్టబడతారు, పట్టాలు లేని బండ్లలో తప్పించుకుంటారు. అన్ని పార్కులలోనూ సిబ్బంది ‘కదలండి, ఈ గీత మీద నిలబడండి’ అని చెప్పక తప్పదు. అది కథను భగ్నం చేసే మాట. ఇక్కడ సిబ్బంది శత్రుసైన్యాధికారుల దుస్తులలో ఉంటారు కాబట్టి అదే మాట బందీలకిచ్చే ఆజ్ఞ అయింది. మర్యాద లేని తొందరపాటు పాత్రోచితమైంది. సమస్యకు ఇంత తేలికైన, ఇంత తెలివైన పరిష్కారం నేను మరొకటి చూడలేదు.

ఇదే రైడ్ మరోవైపు ఛందస్సు తప్పింది. ఒక యంత్రవ్యవస్థ మరొకదానికి, అది ఇంకొకదానికి ముడిపడి ఉన్నాయి. ఒక్కొక్కటి నూటికి 95 పాళ్లు సవ్యంగా పనిచేస్తుందనుకున్నా, నాలుగింటినీ వరుసగా కలిపితే మొత్తం సవ్యంగా నడిచేది 81 పాళ్లే. తొలి రోజులలో అంతరాయాలు తరచుగా వచ్చాయి. ఆనాడు మామూలు వరుసే లేదు. ఉదయాన్నే ఫోనులో సంఖ్య పొందాలి. అవి నిమిషాల్లో అయిపోయేవి. సంఖ్య దొరకనివారు గోపురం దాకా వచ్చి గర్భగుడి చూడని యాత్రికుల్లా వెనుదిరిగారు. ఆ రైడ్‌ను ఆకాశానికెత్తిన సమీక్షలు వీరిని లెక్కలోకి తీసుకోలేదు.

5. కదలని యెతి

ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ (ఫ్లోరిడా, డిస్నీ యానిమల్ కింగ్‌డమ్, 2006 ఏప్రిల్) ఈ చర్చకు అత్యంత సంక్లిష్టమైన ఉదాహరణ. ఒకే రైడ్‌లో పరమోత్తమ పరిష్కారమూ ఘోర వైఫల్యమూ పక్కపక్కనే ఉన్నాయి.

మంచుకొండలోకి వెళ్లే రైలు శిఖరం దగ్గర ఆగిపోతుంది. ఎదుట పట్టాలు మెలితిరిగి, విరిగి ఉంటాయి. యెతి విరిచిందని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. అదే సమయంలో వెనుక పట్టాలు దిశ మార్చుకుంటున్నాయి. కొద్ది సెకన్లలో రైలు వెనుకకు, చీకట్లోకి వేరే దారిన జారుతుంది. మళ్లీ ఆగినప్పుడు గోడమీద పట్టాలు పీకుతున్న యెతి నీడ కనిపిస్తుంది. అదీ పట్టాలు మరోసారి మారడానికి కావలసిన వ్యవధే. యంత్రానికి అవసరమైన రెండు నిరీక్షణలు కథలో రెండు ఉత్కంఠ ఘట్టాలయ్యాయి. ప్రేక్షకుడికి ఆగినట్టు తెలుస్తుంది, ఎందుకు ఆగిందో మాత్రం తెలియదు. రైడ్ రచనలో శిల్పమంటే ఇదే.

ఆ తరువాత కథ వాగ్దానం చేసిన అసలు యెతి రావాలి. దానికోసం సుమారు 25 అడుగుల భారీ యంత్రప్రతిమను నిర్మించారు. రైలు మీదికి చేయి చాచి దూకేలా దాన్ని రూపొందించారు. ప్రారంభమైన కొద్ది నెలలకే ఆ కదలిక నిలిచిపోయింది. అప్పటినుంచి ప్రతిమ కదలదు. మిలమిల మెరిసే దీపాలు వేసి కదులుతున్న భ్రమ కలిగిస్తున్నారు. అభిమానులు దానికి ‘డిస్కో యెతి’ అని పేరుపెట్టారు. మరమ్మతు చేయాలంటే కొండలోపలికి చేరాలి, రైడ్‌ను దీర్ఘకాలం మూసివేయాలి. నాయకపాత్ర లేకపోయినా రైలు రోజూ నడుస్తూనే ఉంది, వరుస తరగలేదు. వరుస తరగనంతకాలం మూసివేయాలన్న ఒత్తిడి పుట్టదు. 2022 ఆరంభంలో కొన్ని నెలలు రైడ్‌ను మూసి పనులు చేసినప్పుడూ యెతి కదలలేదు.

దోషం ఎవరిది? నిర్వాహకుల పిసినారితనమని అభిమానుల తీర్పు. అది తొందరపాటు తీర్పు. పట్టాల దగ్గర చూపిన వివేకం యెతి దగ్గర లోపించింది. ప్రతి రైలుకూ ఒకసారి, రోజుకు వందలసార్లు, ఏళ్ల తరబడి దూకవలసిన శరీరాన్ని, విప్పి బాగుచేయడానికి వీలులేని చోట నిలబెట్టారు. నోట తాళంచెవులతో కూర్చున్న కుక్క అర్ధశతాబ్దంగా తన పని చేస్తోంది, ఎందుకంటే దాని పని ఏమీ చేయకపోవడమే. యెతిని మాత్రం ప్రతి పూటా సమాపక క్రియ కమ్మన్నారు.

6. పూర్వరంగం

నాట్యశాస్త్రం చెప్పిన పూర్వరంగానికి థీమ్‌పార్కులో సాటి వచ్చేది వరుస. ఎవరెస్ట్ వరుస టిబెట్టు, నేపాలు ప్రాంతపు ఊరిలా అమరి ఉంటుంది. యాత్రల కార్యాలయం, గుడి, దుకాణం దాటాక యెతి గురించిన ప్రదర్శనశాల వస్తుంది. పాదముద్రలు, ఛాయాచిత్రాలు, ధ్వంసమైన గుడారపు సామగ్రి చూస్తూ నిదానంగా నడిచినవారిలో నమ్మకం కొద్దికొద్దిగా పేరుకుంటుంది. నిరీక్షణ ఇక్కడ కథలో భాగం.

1999లో డిస్నీ పార్కులు ‘ఫాస్ట్‌పాస్’ ప్రవేశపెట్టాయి. నిర్ణీత వేళకు వచ్చినవారికి పొట్టివరుస. అప్పట్లో అది ఉచితం. 2021 నుంచి ఫ్లోరిడాలో ఆ సౌకర్యానికి అదనపు రుసుము చెల్లించాలి. నిర్వహణపరంగా ఇది జనాన్ని దినమంతా సర్దే ఉపాయం. కథాపరంగా మాత్రం ఒకే రైడ్‌కు రెండు పాఠాంతరాలు ఏర్పడ్డాయి. వాటి మధ్య తేడా ప్రేక్షకుడి అభిరుచిని బట్టి కాక చెల్లింపును బట్టి నిర్ణయమవుతోంది. పొట్టివరుసలో వెళ్లేవారికి ఆ ప్రదర్శనశాలలో అధికభాగం కనబడదు. వారు యెతి గురించి పెద్దగా ఏమీ వినకుండానే రైలెక్కుతారు, చీకట్లో దీపాలు మెరిసినప్పుడు ఏదో దాటిపోయిందనుకుని దిగిపోతారు. గంటసేపు నిలబడి ప్రతి పాదముద్రనూ చదివి, పిల్లలకు విడమరచి చెప్పుకుంటూ వచ్చినవారు మాత్రమే ఆ క్షణంలో తలెత్తి యెతి కోసం చూస్తారు.