చేతిలో దీపం

నెల రోజులుగా ఒకే ఒక్క తాటాకుతో నా కాపురం. మా ఊరి పాత గ్రంథాలయం బీరువాలో ఉన్న ఒక కట్టలోది. రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు. గంటంతో గీసిన గాళ్లలో నింపిన మసి ఎప్పుడో రాలిపోయింది. నెత్తిమీద ట్యూబ్‌లైటు వెలుగులో చూస్తే వట్టి ఆకు. అదే ఒక దీపాన్ని పక్కకు దించి వాలుగా పట్టామా, ప్రతి గాడిలో నీడ నిలబడి వరసంతా అక్షరాలు తేలతాయి.

నా పని ఆ నీడను పట్టుకోవడం. కెమెరా కదలదు, ఆకు కదలదు, దీపమే చుట్టూ తిరుగుతుంది. యాభై చోట్ల నుంచి యాభై ఫొటోలు తీస్తాను. వెలుగు ఎటునుంచి పడితే ఆకు మీద ఏ చుక్క ఎంత మెరుస్తుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించిన పద్ధతి ఇది. గ్రీసు దగ్గరి సముద్రంలో దొరికిన యాంటికిథెరా యంత్రం మీది అరిగిన రాతలను 2005లో దీనితోనే పరీక్షించారు.

ఆ లెక్కను మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్‌లోకి ఎక్కించాను. పెట్టుకున్నవాళ్లకు గ్రంథాలయం, బల్ల, ఎదుటి మనిషి కనబడుతూనే ఉంటారు. వాటి మధ్య గాలిలో ఆకు తలుపంత పెద్దదై నిలుస్తుంది. అరచెయ్యి ఎటు తిప్పితే వెలుగు అటునుంచి పడుతుంది.

మొదట హెడ్‌సెట్ దృశ్యంలో ఆకు వెనక రాజసభ కట్టాను. కవి, తంబుర, తెరలు, అన్నీ. మూడు రోజులకే తీసేశాను. ఆ ఆకు సభ గురించి ఏమీ చెప్పడం లేదు. చెప్పేదల్లా రాసిన చెయ్యి గురించి. పదాల మధ్య ఖాళీ వదలకుండా సాగిన రాత. తాడు కోసం తొలిచిన రంధ్రం దగ్గర పక్కకు జరిగిన అక్షరాలు. ఒకచోట గంటం జారింది. తాటాకు మీద తుడిచే వీలు లేదు, అందుకే రాసినవాడు సరైన అక్షరాన్ని పైన చిన్నదిగా చెక్కాడు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ఎన్నో ప్రతులు తెప్పించి పోల్చుకోవలసి వచ్చిందంటే కారణం ఇలాంటి చేతులే. ఎత్తిరాసిన ప్రతివాడూ తన జాడ వదిలాడు. బొమ్మలు పోసి ఆ జాడను కప్పేయడం నాకు తప్పనిపించింది.

మొన్న ఒక రిటైర్డ్ తెలుగు టీచరుగారు వచ్చారు. హెడ్‌సెట్ పెట్టుకుని చెయ్యి మెల్లగా తిప్పుతూ, పదాలు విడగొట్టుకుంటూ, పెదవుల మీదే చదువుకున్నారు. గంటం జారిన చోట ఆగారు.

“పాపం, చెయ్యి నొప్పెట్టిందేమో నాయనా!”

హెడ్‌సెట్ తీసి నా చేతికిచ్చి, “అసలుది ఏదీ?” అన్నారు. కట్ట తాడు విప్పి చెక్కపలక పక్కన పెట్టాను. ఆవిడ గదిలో లైటు ఆర్పించి, సెల్‌ఫోన్ టార్చిని వాలుగా పట్టుకుని ఆకు మీదికి వంగారు.