తాళి కట్టే వేళ ఎక్కడ నిలబడతావు?

పెళ్లి ఫోటోలు తీయమని నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు రేటు అడుగుతారు. ఆ తర్వాత డ్రోన్ ఉందా, ఆల్బమ్ ఎన్ని షీట్లు, రీల్ ఎప్పుడిస్తావు. "తాళి కట్టే వేళ నువ్వు ఎక్కడ నిలబడతావు నాయనా?" అని అడిగినవాళ్లు మా కోలారు జిల్లాలో తక్కువ. నన్నడిగితే, మనిషిని తేల్చుకోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఆంధ్రాలో పెళ్లయ్యాక రిసెప్షన్ పెడతారు. మా పక్క ముందురోజు సాయంత్రమే పెట్టేస్తారు. తాళి కట్టకముందే జంటను స్టేజి మీద నిలబెట్టి, వరసలో వచ్చిన ప్రతి బంధువుతోనూ ఒక ఫోటో. అది రాత్రి పదకొండు దాకా సాగుతుంది. తెల్లవారుజామున ముహూర్తమైతే ఇక నిద్ర మాట లేదు. పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగుతుంది, కూర్చున్నవాళ్లంతా లేచి అక్షింతలు విసురుతారు, ఈమధ్య సగం మంది ఫోన్లు కూడా ఎత్తుతున్నారు. ఆ గోలలో వరుడి వేళ్లూ, వధువు వంచిన తలా, మూడు ముళ్లూ ఒకే ఫ్రేములో దొరికే చోటు మంటపం మీద ఒకటో రెండో ఉంటాయి. మేళం విన్నాక అక్కడికి పరుగెత్తితే వీపులే మిగులుతాయి. మంత్రం ఎందాకా వచ్చిందో చెవి చెప్పాలి. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దిగినప్పుడు ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపు కూడా అంతే. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా ఇది రాదు.

మా జిల్లాలోని బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పాత స్టూడియోవాళ్లకు ఈ విద్య బతుకుతెరువుగా అబ్బింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఆ ఊళ్లో తమిళులు, తెలుగువాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లింలు పక్కపక్క లైన్లలో కాపురాలు చేశారు. రాబర్ట్‌సన్‌పేటలో స్టూడియో పెట్టినవాడు ఒకే వారంలో తెలుగు ముహూర్తం, ఛాంపియన్ రీఫ్స్ చర్చిలో పెళ్లి, ఆండర్సన్‌పేటలో నిఖా తీయగలగాలి. చర్చిలో ఫ్లాష్ ఎక్కడ వెయ్యకూడదో ఫాదర్‌ను ముందే అడగాలి. నిఖాలో పెళ్లికూతురు వేరే గదిలో ఉంటుంది, ఆడవాళ్ల వైపు తీయడానికి ఆడమనిషే కావాలి. ఫిలిం రోజుల్లో రోలుకు 36 ఫ్రేములే కాబట్టి, తెలియని తంతుకు అన్నీ నొక్కేద్దాంలే అనే ధీమా ఉండేది కాదు. పెద్దవాళ్లను అడిగి వరస రాసుకునేవారు.

తెలియని తంతు అంటే నాకు యూదుల పెళ్లి గుర్తొస్తుంది. తెలుగువాళ్లలోనూ యూదులున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అని చెప్పుకునే కుటుంబాలున్నాయి, వాళ్లకు సొంత సినగాగు ఉంది. అలాంటి ఇంటి నుంచి పిలుపొస్తే ఎలా అని సంప్రదాయ యూదు పెళ్లి వరస చదువుకున్నాను. మనకు తెర దిగుతుంది. అక్కడ వరుడే వచ్చి వధువు మొహం మీద మేలిముసుగు కప్పుతాడు. నాలుగు కర్రల మీద నిలిపిన హుప్పా పందిరి కింద ఆమె కుడిచేతి చూపుడువేలికి ఉంగరం తొడుగుతాడు. కెతుబా అనే పెళ్లి పత్రం చదువుతారు, ఏడు ఆశీర్వచనాలు చెబుతారు, చివరికి వరుడు గాజుగ్లాసును కాలితో తొక్కి పగలగొడతాడు. ఇంకోసారి పగలగొట్టు బాబూ అనలేం కదా! చాలాచోట్ల ఆ వెంటనే జంట ఒక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. ఆ గది కెమెరాకు నిషిద్ధం. నిష్ఠ గల కుటుంబాల్లో ఆడా మగా విడివిడిగా నాట్యం చేస్తారు, అంటే ఆండర్సన్‌పేట నిఖాలో లాగే ఇక్కడా ఆడ ఫోటోగ్రాఫర్ కావాలి. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, పెళ్లే ఉండదు. మంగళవారం పెళ్లంటే మనం ఉలిక్కిపడతాం; వాళ్లకది శుభం, ఎందుకంటే ఆదికాండంలో సృష్టి మూడోనాడు దేవుడు మంచిదని రెండుమార్లు అనుకున్నాడు. ఇదంతా కెమెరా సంచి సర్దుకోకముందే తెలియాల్సిన సంగతి.

మనకు మూఢాలూ ఆషాఢమూ ఉన్నట్టే వాళ్లకూ పస్కా తర్వాత కొన్ని వారాలు పెళ్లిళ్లు ఉండవు. మంచిరోజులు తక్కువైతే చిక్కొకటి ఉంది. ఒకే ముహూర్తానికి పది పెళ్లిళ్లు పడతాయి, మీరు ఆల్బమ్ చూసి మెచ్చుకున్న మనిషి ఇంకో చోటికి పోయి, మీ ఇంటికి నిన్న మొన్న చేరిన కుర్రాణ్ణి పంపుతాడు. బెంగళూరు నుంచి పిలిపించుకునే పేరున్న స్టూడియోలకూ ఈ అలవాటుంది. చూపించిన ఆల్బమ్ ఒకరిది, వచ్చే చెయ్యి ఇంకొకరిది.

ప్రీ వెడ్డింగ్ షూట్ గురించి ఒక్క మాట. 2018లో కేజీఎఫ్ సినిమా వచ్చాక సైనైడ్ దిబ్బల మీద ఫోటోలు కావాలని కుర్రకారు అడుగుతోంది. బంగారం తీశాక మిగిలిన పిండి అది, గాలి లేస్తే చుట్టుపక్కల ఇళ్ల మీద పడుతుంది, అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పెళ్లి పట్టుచీరతో అక్కడ దొర్లడమేమిటి? నేను రానని చెప్పేస్తాను.

అడ్వాన్సు ఇచ్చేముందు మీ ఇంటి తంతు వరస ఫోటోగ్రాఫర్ నోటితోనే చెప్పించుకోండి. ఏదో ఒక పెళ్లి మొత్తం ఫోటోలు అడిగి చూడండి. ఏరిన ఇరవైతో ఎవరైనా మెప్పిస్తారు. ముహూర్తం నాడు వచ్చే మనిషి పేరు కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, రిసెప్షన్ రాత్రి ఆయనకు ఆఖరి పంక్తిలో కాకుండా మొదటి పంక్తిలోనే అన్నం పెట్టించండి.