మగ్గం గుంట కళాస్థలమే: వేటపాలెం నేత ఇల్లు

చిత్రకారుని పనిగదిని కళాస్థలంగా గౌరవించే విమర్శ, నేతకారుని ఇంటిని ఉత్పత్తిస్థలంగా మాత్రమే చూస్తున్నది. వేటపాలెం, చీరాల ప్రాంతపు చేనేత ఇళ్లు ఈ విభజనను ప్రశ్నిస్తాయి. గుంటమగ్గం నివాసపు గదిలోనే ఉంటుంది. నేతకారుడు గుంటలో కాళ్లు దించి, ఇంటి మాటల నడుమనే నాడె ఆడిస్తాడు. స్త్రీలు కండెలు చుట్టేది ఆ ఇంటిలోనే. పడుగు సాగేది వీధిలో. కనుక ఈ కళాస్థలం ఒక గది కాదు, ఒక వ్యక్తిదీ కాదు. ‘కళాకారుడు’ అనే ఏకవచనం కండె చుట్టిన చేతిని మరుగుపరుస్తుంది. వానకు గుంటలో నీరు చేరితే పనితోపాటు బ్రతుకూ ఆగుతుంది. మగ్గానికి చోటివ్వని గృహ నిర్మాణం నేతకారునికి నీడనిస్తుంది గాని, అతని కళను వెలివేస్తుంది. 1918లో సారస్వత నికేతనాన్ని స్థాపించి అక్షరాన్ని భద్రపరచుకొన్న ఈ ఊరిలో, నేత ఇంటిని సైతం పాఠంగా చదవడం విమర్శ బాధ్యత.