ఆంగ్లమున ‘పిక్ అప్’ - తెలుగున దాని పర్యాయములు

ఆంగ్లమున ‘పిక్ అప్’ అను పదబంధక్రియ కలదు. ‘పిక్’ అనగా ఏరుట, ‘అప్’ అనగా పైకి. ఈ రెండును కలిసినపుడు పుట్టు అర్థములు వాని మొత్తముకంటె చాల అధికములు. బిడ్డను ఎత్తుకొనుట, నేల రాలినదానిని ఏరుకొనుట, దారిలో నిలిచినవానిని బండి ఎక్కించుకొనుట, గురువు లేకయే ఒక భాష అలవడుట, రోగము సోకుట, రోగి కోలుకొనుట, వాన పుంజుకొనుట, తెగిన మాటను మరల అందుకొనుట - ఇన్నింటికిని ఆంగ్లేయులు ఈ యొక్క మాటనే వాడుదురు. ఇట్టి క్రియలు పరభాషీయులకు మిక్కిలి క్లేశకరములని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించినాడు. వీనికి నేడు చెల్లుచున్న ఆంగ్లనామము లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన గ్రంథముమూలమున వ్యాప్తికి వచ్చినది.

మన ఆంగ్లాంధ్ర సంగ్రహకోశములు ఇట్టి క్రియను ఎదుర్కొను విధము సామాన్యముగా ఒక్కటే. ఎత్తుట, ఏరుట, నేర్చుట, కోలుకొనుట అని నాలుగు మాటలు వరుసగా పేర్చి, నడుమ అల్పవిరామములుంచి ఊరకుండును. ఆ విరామచిహ్నమే విద్యార్థిని మోసపుచ్చుచున్నదని మా అభిప్రాయము. వరుసలో నిలిచినంతమాత్రమున అవి ఒకదానికొకటి పర్యాయములు కావు. అర్థములో భేదించుట యటుండనిండు. వానికి కర్త యెవరు, కర్మ యేది, ఏ విభక్తి చేరును అను విషయములలోను అవి భేదించుచున్నవి. ఈ భేదమును కర్నూలు, కడప మండలముల వాడుకనుండి నిరూపింప యత్నించెదము.

మొదట పత్తిచేనిని చూతము. ఆదోని పత్తి వ్యాపారమునకు పేరువడినది. చుట్టుపట్ల నల్లరేగడి భూములలో పత్తి పండును. కూలికి వచ్చిన స్త్రీలు ఆ చేలలో పత్తి ‘ఏరుదురు’. ఏరిన పత్తి ఆసామిది, ఏరినవారిది కూలి. పైరు ఎత్తిన పిమ్మట చేనిలో మిగిలిన గింజనో కాయనో తమకొరకు తీసికొను పేదలు ‘ఏరుకొందురు’. ఇచట ‘కొను’ మాటకు అలంకారము కాదు, ఫలమెవరిదో చెప్పు సాక్షి. మన వ్యాకర్తలు కొను ధాతువునకు ఆత్మార్థమున అనుప్రయోగము చెప్పియున్నారు. ఆ సూత్రము చేనిగట్టుమీద హక్కుగా మారుచున్నది. ఇక అడుగక పట్టుకొనిపోయినచో ‘ఎత్తుకొనిపోయినారు’ అందురు. కూలి, పరిగె, చౌర్యము - మూడింటికిని ఆంగ్లమున ‘పిక్ అప్’ అనియే చెప్పవచ్చును. న్యాయస్థానమున వాఙ్మూలమును అనువదించువాడు ఈ మూడింటిలో ఏది వ్రాయునో దానినిబట్టి మనుజుని గతి మారును. ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చునపుడు లేని భేదమును కల్పింపవలసివచ్చును. తెలుగునుండి ఆంగ్లమునకు పోవునపుడు ఉన్న భేదము జారిపోవును. రెండవదే ఎక్కువ ప్రమాదకరము, ఏలననగా జారినది ఎవరికిని కనబడదు.

ఇందు ఇంకొక చిక్కు కలదు. సీమలో ‘నీళ్లెత్తుకరా’, ‘పుస్తకం ఎత్తుకరా’ అనునవి నిత్యవ్యవహారములు. అచట ఎత్తుకవచ్చుట యనగా తెచ్చుటయే. తమిళమునను ఇట్టి ప్రయోగము కలదు. కోస్తా మండలముల చెవికి ఇందు దొంగతనపు ధ్వని వినబడును. కడప విద్యార్థి యొకడు ‘పిక్ అప్’ను ‘ఎత్తుకవచ్చెను’ అని అనువదించినచో ఆ వాడుక నెరుగని పరీక్షకుడు ఎఱ్ఱసిరాతో గీత గీయుట ఆశ్చర్యము కాదు. గీత పడినది భాషాదోషముమీద కాదు, మండలభేదముమీద. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము మండలములవారీగా పదములను సేకరించుటకు దారి చూపినది. అట్టి క్షేత్రపరిశోధన క్రియాప్రయోగములకును విస్తరింపవలసియున్నది.

ఏరుకొనుటకు మరియొక స్థలము కర్నూలు మండలముననే కలదు. తుగ్గలి, జొన్నగిరి ప్రాంతములలో తొలకరి వానలు పడి పైమన్ను కొట్టుకొనిపోగానే జనులు వజ్రములకై చేలమీద వంగి తిరుగుదురు. వారు పోవునది వజ్రములు ‘ఏరుకొనుటకు’, ‘వెదకుటకు’. కాని ఫలించిన దినమున చెప్పుమాట వేరు: ‘వానికి వజ్రం దొరికింది’. వాక్యము తలక్రిందైనది. కర్తగా నున్న మనుజుడు ‘కి’ విభక్తిలోనికి జరిగినాడు, రాయి కర్తయైనది. ఆంగ్లవాక్యమున మాత్రము అతడే వంగెను, అతడే ఎత్తెను; అదృష్టమునకు అందు తావులేదు.

ఈ తలక్రిందులు వజ్రమునకే పరిమితము కాదు. రోగము విషయమునను అంతే. ఆంగ్లమున మనుజుడు రోగమును ‘పిక్ అప్’ చేయును. తెలుగున రోగమే అతనికి సోకును, తగులును, అంటుకొనును. భాషయు నిట్టిదే. ‘వానికి కన్నడము పట్టుబడినది’, ‘అబ్బినది’, ‘అలవడినది’ అందుము. మనుజుని కర్తగా నిలుపదలచినచో ‘నేర్చినాడు’, ‘నేర్చుకొన్నాడు’ అనవలెను. కాని అపుడు బుద్ధిపూర్వకమైన శ్రమ వాక్యములోనికి వచ్చును, ‘పిక్ అప్’లోని అప్రయత్నత పోవును.

ఈ సందర్భమున చార్లెస్ ఫిలిప్ బ్రౌనును స్మరింపకుండుట కుదరదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఆయన పండితులను చేరదీసి, తాళపత్రముల నుద్ధరింపజేసి, 1852లో నిఘంటువు ప్రకటించినాడు. ఆయన తెలుగును ‘పిక్ అప్’ చేసెనని ఆంగ్లమున వ్రాసినచో అది సగము అసత్యమగును. పండితులవద్ద ‘నేర్చుకొన్నాడు’, జనులమధ్య ఆయనకు ‘పట్టుబడినది’ అని రెండు వాక్యములు వ్రాసినగాని నిజము నిండదు. బ్రౌను నిఘంటువుయొక్క గొప్పతనముగూడ ఇచటనే యున్నది: పదములు పేర్చి విడువక, ప్రయోగవాక్యముల నిచ్చినాడు. వాక్యమున్నచో కర్తృకర్మలు తామే కనబడును. తరువాతి సంగ్రహకోశములు స్థలము కలిసివచ్చునని మొట్టమొదట కోసినది ఆ వాక్యములనే. కడపలో ఆయన బంగళా ఉండిన తావున నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నది. ఇట్టి క్రియాకోశమునకు అంతకంటె తగిన చోటు మాకు తోచదు.

పుంజుకొను, కోలుకొను, తేరుకొను అను క్రియలగూర్చి ఒక్కమాట. వాన పుంజుకొన్నది, రోగి కోలుకొన్నాడు అన్నపుడు ‘కొను’ ఆత్మార్థమని మొండిగా వాదింపలేము, వానకు స్వార్థమేమి? ఇవి విడదీయరాని మాటలుగా స్థిరపడినవి. పై వాదము వీనికి వర్తింపదని ఒప్పుకొనుచున్నాము.

నేడు ‘పికప్’ అను మాటయే ఊరూర వినబడుచున్నది. అది తెలుగు క్రియలను తరుముచున్నదని విచారించువారు కలరు. ఆ విచారము నిష్కారణము కాదు. బడిలో ‘ఏరు’, ‘ఏరుకొను’ల భేదము తెలియని పిల్లలు పట్టణములలో పెరుగుచున్నారు. అయినను ఆ మాట ఏ వాక్యములలో నిలిచినదో చూడుడు. ‘బండికి పికప్ లేదు’ అందురు. ఇచట విభక్తి ‘కి’. ‘వ్యాపారం పికప్ అయింది’ అందురు. ఇచట కర్త వ్యాపారము. కర్నూలు బస్సు దిగిన చుట్టమును మేనల్లుడు ‘పికప్ చేసుకొని’ వచ్చును. ఇచట మరల ‘కొను’.