మెరుగు పెట్టని రైఫిల్‌కే విలువ

అమెరికాలో పాత వేట తుపాకులు సేకరించేవాళ్లలో రెమింగ్టన్ మోడల్ 8 అంటే పడి చచ్చేవాళ్లు ఉన్నారు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1900లో పేటెంటు పొందిన ఈ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని రెమింగ్టన్ కంపెనీ ఫ్యాక్టరీ 1906 నుంచి 1936 దాకా తయారుచేసింది. తర్వాత వచ్చిన మోడల్ 81 దీనికి తమ్ముడి లాంటిది.

దీని పనితనం చూసి తీరాలి. తూటా పేలగానే బ్యారెల్, దాని వెనక భాగాన్ని మూసే బోల్టు ఒకదానికొకటి బిగుసుకునే వెనక్కి వస్తాయి. చివరిదాకా వచ్చాక బోల్టు అక్కడే ఆగుతుంది, స్ప్రింగు బ్యారెల్‌ని ముందుకు నెడుతుంది. ఆ ఎడంలో ఖాళీ తూటా గుల్ల బయటకు ఎగిరిపోతుంది. అప్పుడు బోల్టు ముందుకు కదిలి, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను తీసుకెళ్లి బ్యారెల్‌లో కూర్చోబెడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. కదిలే బ్యారెల్‌కి బయట ఒక తొడుగు ఉంటుంది, గురిచూసే సైట్లు ఆ తొడుగు మీదే ఉంటాయి. ఈ రైఫిల్ ముందుభాగం అంత లావుగా కనిపించడానికి కారణం అదే. వేటగాళ్లకి ప్రసిద్ధమైన బ్రౌనింగ్ ఆటో 5 షాట్‌గన్‌దీ ఇదే సూత్రం.

రెమింగ్టన్ దీనికోసం నాలుగు రకాల తూటాలు తెచ్చింది: .25, .30, .32, .35. వీటిలో .35 ఒక్కటే జనంలో గట్టిగా నిలబడింది. .25 రైఫిళ్లు తక్కువగా దొరుకుతాయి కాబట్టి సేకర్తలు వాటికోసం వెతుకుతారు. అంతకంటే అరుదైనది బెల్జియంలో ఎఫ్‌ఎన్ కంపెనీ చేసిన రూపం. ఎఫ్‌ఎన్ 1900 అని పిలిచే ఆ రైఫిళ్లు ఐదు వేలకు లోపే తయారయ్యాయి.

కొనేవాళ్లు ముందు స్క్రూలు చూస్తారు. వాటి గాడులు చెదిరి ఉంటే ఎవరో విప్పారన్నమాట. తర్వాత, టెలిస్కోప్ బిగించడానికి ఎవరైనా కొత్త రంధ్రాలు చేశారా, చెక్క బట్ కోసి రబ్బరు ప్యాడ్ అతికించారా అని పరీక్షిస్తారు. ఇనుము మీది నీలిరంగు కొత్తగా నిగనిగలాడుతూ, అక్షరాల అంచులు మాత్రం అరిగి కనిపిస్తే మళ్లీ పాలిష్ పట్టించారని తెలిసిపోతుంది. ఈ రైఫిళ్లను పోలీసులూ వాడారు. అందుకే ఫలానా ఖ్యాతి గల అధికారిదని చెప్పి అమ్మజూపేవాళ్లుంటారు. కాగితం లేని కథకి పైసా ఇవ్వక్కర్లేదు.

చేతులు పట్టి పట్టి రంగు పోయిన చోటు, అడవిలో పడ్డ గీత, ఇవన్నీ తయారైననాటి నుంచీ దానికి జరిగినవి. పాలిష్ యంత్రం వాటిని తుడిచేస్తే తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు. ఇలియన్ ఫ్యాక్టరీ కూడా 2024లో మూతపడింది. అమెరికాలో ఉండే మన పాఠకుల్లో ఎవరికైనా ఇలాంటి తుపాకీ చేతికొస్తే, ముందు అది ఖాళీగా ఉందో లేదో నిపుణుడి చేత చూపించండి, స్థానిక చట్టం తెలుసుకోండి, పలచగా నూనె రాయండి. అంతకు మించి ఏమీ చేయకండి.